1794 నాటి స్నానాల భవనం వెనక కాంక్రీటు టవర్: బాద్ గాస్టైన్ బాడెష్లోస్ పరిరక్షణా, వ్యాపారమా?

మీరు అడిగింది ఇది. ఆస్ట్రియాలోని బాద్ గాస్టైన్‌లో 18వ శతాబ్దం చివర కట్టిన స్నానాల భవనం బాడెష్లోస్‌ను బాగు చేసి, దాన్ని ఆనుకుని ఎత్తైన కాంక్రీటు టవర్ లేపి, రెండూ కలిపి స్పా హోటల్‌గా తెరిచారు. దీన్ని వారసత్వ పరిరక్షణ అనాలా, పాత గోడను అడ్డం పెట్టుకుని చేసిన రియల్ ఎస్టేట్ అనాలా? ఆర్కిటెక్చర్ చివరి ఏడాది థీసిస్‌కి తీసుకుంటానంటే మీ గైడ్ గారు "ముందు గోడ ఒక్కటి ఉంచి వెనక కొత్తది కట్టేశారు, అందులో నేర్చుకోవడానికేముంది" అన్నారట. ఆ నీళ్లలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుందని ఎక్కడో చదివి అమ్మగారు భయపడుతున్నారని కూడా రాశారు.

పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. అందులో కొన్నేళ్లు ఆల్ప్స్ కొండల్లోనే గడిచాయి. తడి, మంచు, సున్నం, ఈ మూడింటితోనే నా పని. కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. కేస్ స్టడీగా తప్పకుండా తీసుకోండి. మీ గైడ్ గారి మాటతో నేను ఏకీభవించను. ఆ టవర్ మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది, అక్కడికి వస్తాను.

ముందు నీళ్ల సంగతి. ఈ ఊళ్లో ఏ భవనం గురించి మాట్లాడాలన్నా అక్కడే మొదలుపెట్టాలి. గ్రౌకోగెల్ అనే కొండ వాలులో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున, వేడినీటి ఊటలు పక్కపక్కనే పదిహేనుకు పైగా ఉన్నాయి. వేల ఏళ్ల కిందట ఎగువన పడ్డ వాన, కరిగిన మంచు రాతి పగుళ్లలోంచి లోతుకు దిగి, భూమి లోపలి వేడికి కాగి, మళ్లీ పైకి ఎక్కి వస్తుంది. బయటపడేసరికి 44 నుంచి 47 డిగ్రీల వేడి ఉంటుంది. అన్ని ఊటలూ కలిపి రోజుకు దాదాపు 50 లక్షల లీటర్లు. గంధకం కంపు లేదు, ఉప్పదనం లేదు, ఖనిజాలు చాలా తక్కువ. గ్లాసులో పోసి చూపిస్తే మామూలు మంచినీళ్లనే అనుకుంటారు.

ఇంజనీరుకి ఇందులో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, ఇక్కడ నీటిని కాచాల్సిన పని లేదు, చల్లార్చాల్సిన పని ఉంది. ఒంటికి సుఖంగా ఉండేది 36, 37 డిగ్రీలు. పాత రోజుల్లో తొట్టెల్లో నింపి గంటల తరబడి చల్లారబెట్టేవారు. ఇప్పుడైతే అలాంటి వేడిని హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో లాగి భవనాన్ని వెచ్చబెట్టడానికో, కుళాయి నీళ్లు కాచడానికో వాడుకోవచ్చు. రెండోది, ఖనిజాలు తక్కువ కాబట్టి గొట్టాల్లో గార పెద్దగా కట్టదు. సున్నపు నీళ్లున్న ఊళ్లలో స్నానాల భవనాన్ని నడిపేవాళ్లకు గొట్టాలు మార్చడంతోనే సరిపోతుంది. గాస్టైన్ వాళ్లకు ఆ బాధ తక్కువ. 1830 నాటికే ఇక్కడి నుంచి లోయలో కిందున్న హోఫ్‌గాస్టైన్‌కు చెక్క గొట్టాలతో వేడినీళ్లు పంపగలిగారంటే అందుకు నీటి స్వభావం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు భవనం. అప్పట్లో సాల్జ్‌బర్గ్ ఒక చిన్న దేశం, దానికి ఆర్చ్‌బిషపే రాజు. చివరిగా ఏలిన ఆర్చ్‌బిషప్ హీరోనిమస్ కొల్లొరెడో 1791 నుంచి 1794 మధ్య ఈ బాడెష్లోస్ కట్టించాడు. వోల్ఫ్‌గాంగ్ హాగెనావర్ రూపకల్పన. సంగీతకారుడు మోజార్ట్ కథ తెలిసినవాళ్లకు కొల్లొరెడో పేరు గుర్తుండే ఉంటుంది. 1781లో అతన్ని కొలువులోంచి సాగనంపిన దొర ఈయనే. సంగీత చరిత్రలో చెడ్డపేరు తెచ్చుకున్నా, లెక్క తెలిసిన పాలకుడు. తన స్నానానికి, తన అతిథుల కోసం జలపాతం పక్కనే, ఊటలకు కూతవేటు దూరంలో స్థలం చూసుకున్నాడు. భవనం పెద్ద ఆర్భాటంగా ఉండదు. మందపాటి గోడలు, వరసగా కిటికీలు, లెక్కగా ఉన్న ముఖభాగం.

ఆయన కంటే మూడు వందల ఏళ్ల ముందే ఈ నీళ్లు పేదల కోసం వాడుకలోకి వచ్చాయన్నది థీసిస్‌లో తప్పకుండా రాయండి. ఈ లోయలో బంగారు గనులుండేవి. 1489లో కొన్రాడ్ స్ట్రోఖ్నర్ అనే గనుల ఆసామి డబ్బు లేని రోగులకు ఇక్కడ స్నానాల ఆసుపత్రి పెట్టాడు. రాజుగారి స్నానాల ఇల్లు వచ్చింది ఆ తర్వాతే. దీని గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

19వ శతాబ్దంలో ఊరి దశ తిరిగింది. జర్మన్ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ వేసవి వస్తే ఇక్కడికే వచ్చేవాడు, బాడెష్లోస్‌లోనే దిగేవాడు. పక్కనే ఉన్న స్ట్రావ్‌బింగర్ హోటల్లో 1865 ఆగస్టు 14న ప్రష్యా, ఆస్ట్రియా గాస్టైన్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ష్లేస్విగ్, హోల్‌స్టైన్ అనే రెండు ప్రాంతాలను చెరొకటి అని పంచుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఆ రెండు రాజ్యాలూ యుద్ధానికి దిగాయి. 1905లో రైలు గాస్టైన్ దాకా వచ్చింది, 1909లో టావెర్న్ సొరంగం తెరుచుకుని దక్షిణానికి దారి దొరికింది. అదే ఏడాది గ్రాండ్ హోటల్ డి లూరోప్ పూర్తయింది. ఊరికి ఇప్పుడున్న ఆకారం ఎక్కువగా ఆ పాతికేళ్లలోనే వచ్చింది.

ఆ ఆకారం ఏమిటో అర్థం చేసుకోకుండా టవర్ మీద తీర్పు చెప్పకూడదు. గాస్టైనర్ ఆహె అనే ఏరు ఊరి నడిబొడ్డున మొత్తం 341 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకుతుంది. ఊరు ఆ జలపాతానికి రెండు పక్కలా నిటారు వాలు మీద ఉంది. చదునైన నేల లేదు. అందుకని హోటళ్లు పక్కకు పరుచుకోలేక పైకి లేచాయి. వీధి వైపు నుంచి చూస్తే నాలుగైదు అంతస్తులు అనిపించే భవనం లోయ వైపు నుంచి చూస్తే ఎనిమిది, పది అంతస్తులుంటుంది. పై వీధి నుంచి లోపలికొచ్చి మెట్లు దిగుతూ పోతే కింద ఇంకో వీధిలో తేలతారు. 1900 నాటి ఆల్ప్స్‌లో ఇంత నిలువుగా పెరిగిన ఊరు అరుదు. "ఆల్ప్స్ మన్‌హాటన్" అని పిలిచేది అందుకే. అంటే ఎత్తు ఈ ఊరికి బయటి నుంచి వచ్చి పడ్డ జబ్బు కాదు, నేల నేర్పిన పద్ధతి.

తర్వాత క్షీణత. విమాన ప్రయాణం చవకయ్యాక జనం సముద్ర తీరాలకు మళ్లారు. మూడు వారాల స్నాన చికిత్స అనే అలవాటు తగ్గింది. 1968లో గెర్హార్డ్ గార్‌స్టెనావర్ రూపకల్పనతో ఫెల్సెన్‌థెర్మె అనే అందరూ వెళ్లగలిగే స్నానశాల, 1974లో ఆయనదే కాంగ్రెస్ సెంటర్ అనే సమావేశాల భవనం వచ్చాయి. కాంక్రీటుతో ఊరిని మళ్లీ నిలబెట్టాలన్న నిజాయితీ ఉన్న ప్రయత్నాలవి. మీ థీసిస్‌లో ఆయనకు ఒక అధ్యాయం ఇచ్చినా తప్పులేదు. ఫెల్సెన్‌థెర్మె నడిచింది. కాంగ్రెస్ సెంటర్ మూతపడి ఖాళీగా మిగిలింది. ఊరి నడుమ స్ట్రావ్‌బింగర్ చౌకులో బాడెష్లోస్, స్ట్రావ్‌బింగర్ హోటల్, పాత పోస్టాఫీసు మూడూ తాళాలు పడి ఏళ్లకేళ్లు ఉండిపోయాయి.

ఖాళీగా ఉన్న స్నానాల భవనానికి ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి. పుస్తకాల్లో "నిర్వహణ లేక శిథిలమైంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అసలు జరిగేది ఇలా ఉంటుంది. జలపాతం తుంపర రాత్రింబవళ్లు గోడల మీద పడుతూ ఉంటుంది. గాలి ఇటు తిరిగితే కిటికీ అద్దాల మీద వాన కురిసినట్టే ఉంటుంది. రాతి గోడ, సున్నపు పూత ఆ తడిని పీల్చుకుంటాయి. లోపల మనుషులుండి, గదులు వెచ్చగా ఉన్నంత కాలం గోడ లోపలి నుంచి వేడెక్కి, పీల్చిన తడిని మెల్లగా బయటికి వదిలేస్తుంది. భవనం మూతపడ్డ మొదటి చలికాలంలో ఆ వేడి ఆగిపోతుంది. తడి గోడలోనే ఉండిపోతుంది. రాత్రి గడ్డకడుతుంది. నీరు మంచైతే సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. పగలు కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఒక్కో చలికాలంలో ఇది పదుల సార్లు జరుగుతుంది. సున్నం పూత కింద సన్నని పగులు పడుతుంది, దాంట్లోకి ఇంకా నీళ్లు, ఇంకా పెద్ద పగులు. పైకప్పులో ఒక రేకు లేచిందంటే దూలం చివర, గోడలోకి దిగిన భాగం, కుళ్లడం మొదలుపెడుతుంది. పైనుంచి చూస్తే దూలం బాగానే ఉంటుంది. గోడలో దాగిన ఆ జానెడు ముక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తడి బెల్లంలోకి దిగినట్టు దిగిపోతుంది. అలాంటి దూలాల చివర్లు నేను చాలా కట్టడాల్లో పొడిచి చూశాను. మనుషులు వాడుతున్న భవనంలో ఆ స్థితి రావడానికి వందేళ్లు పట్టేది, తాళం వేసిన భవనంలో ఇరవై ఏళ్లలోపే వస్తుంది.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, స్నానాల భవనాన్ని కాపాడేది అందులో స్నానం చేసేవాళ్లే. వేడి, వెలుతురు, రోజూ కారుతున్న కుళాయిని చూసి ఫిర్యాదు చేసే మనిషి, ఇవి లేకుండా ఏ స్మారక చిహ్నాల శాఖ బోర్డూ గోడను నిలబెట్టలేదు.

2017లో సాల్జ్‌బర్గ్ రాష్ట్ర ప్రభుత్వం రంగంలోకి దిగి ఈ మూడు భవనాలనూ కొన్నది. 2018లో మ్యూనిక్‌కు చెందిన హిర్మర్ సంస్థకు అమ్మింది. వియన్నాకు చెందిన బీడబ్ల్యూఎం ఆర్కిటెక్ట్స్ డిజైన్ చేశారు. 2023లో రెండు హోటళ్లు తెరుచుకున్నాయి: బాడెష్లోస్ సుమారు వంద గదులతో, స్ట్రావ్‌బింగర్ గ్రాండ్ హోటల్ దాంట్లో సగం కంటే తక్కువ గదులతో. ప్రభుత్వం కొని, షరతులతో మళ్లీ ప్రైవేటుకు అమ్మడం అనే ఈ మధ్య మెట్టును చాలామంది విద్యార్థులు పట్టించుకోరు. నా లెక్కలో ప్రాజెక్టు మొత్తంలో అతి ముఖ్యమైన నిర్ణయం అదే. భవనం కుళ్లిపోతుంటే యజమానికి నోటీసులు పంపడం ఒక పద్ధతి. ప్రజాధనంతో కొని, కుళ్లును ఆపి, పని చేసే చేతికి అప్పగించడం ఇంకో పద్ధతి. రెండోది ధైర్యం చేస్తేనే జరుగుతుంది.

ఇక టవర్. రంగు కలిపిన కాంక్రీటు, పైన ప్లాస్టర్ లేదు, పెయింట్ లేదు. పాత భవనం కంటే చాలా ఎత్తు. ఫోటోలో మొదటిసారి చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. అయితే ఒక్కసారి ఆ పనిని మీరే చేయాల్సి వచ్చిందనుకోండి. ఈ రోజు హోటల్ గది అంటే ప్రతి గదికీ బాత్రూం ఉండాలి. దానికి మంచినీళ్లు, మురుగు, గాలి గొట్టాలు పై నుంచి కింద దాకా నిలువుగా దిగాలి. రెండు లిఫ్టులు, సామాన్ల లిఫ్టు ఒకటి, అగ్ని ప్రమాదమైతే దిగడానికి వేరే మెట్లు కావాలి. నేటి నిబంధనలకు సరిపడే వెడల్పుతో నడవాలు కావాలి. కొలను అంటే టన్నుల కొద్దీ నీటి బరువు, దాన్ని మోసే స్లాబు. ఇదంతా 1794 నాటి గోడల మధ్య ఇరికించాలంటే ఏం చేస్తారు? అంతస్తులన్నీ కోసేయాలి, కమానులు పగలగొట్టాలి. చివరికి మిగిలేది మీ గైడ్ గారు అన్నట్టు ముందు గోడే. ఇక్కడ ఆ బరువులో ఎక్కువ భాగాన్ని పక్కన కొత్త కట్టడం మీద పెట్టారు. టవర్ ఉంది కాబట్టే పాత ఇల్లు పాత ఇల్లులా ఉండగలిగింది. దీన్ని ముఖభాగపు పరిరక్షణ, అంటే ముందు గోడ ఒక్కటే ఉంచడం, అనడం సరికాదు. అలా చేసి ఉంటే టవర్ అవసరమే ఉండేది కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని కళాశాలల్లో చెప్పడానికి మొహమాటపడతారు. పాత రాతి భవనం మరమ్మతుకు చదరపు మీటరుకు అయ్యే ఖర్చు కొత్త నిర్మాణం కంటే ఎక్కువ. దొరికే గదులేమో తక్కువ. ఆ కొద్ది గదుల అద్దెతో ఆ ఖర్చు ఎప్పటికీ తీరదు. కొత్త గదుల సంపాదనే పాత గోడలకు మందు. ఆ సంపాదన వద్దంటే ప్రభుత్వమే ఏటా డబ్బు పెట్టాలి. ఏ ప్రభుత్వమైనా ఎన్నేళ్లు పెడుతుందో చెప్పండి.

రూపం విషయానికొస్తే, పాత శైలిని కాపీ కొట్టకుండా ఈ కాలంలో కట్టామని తెలిసేలా కట్టడం నాకు నచ్చింది. రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా చూసినా ఏది ఎప్పటిదో ఇట్టే తెలుస్తుంది. పూత వేయని ఆ కాంక్రీటు చుట్టూ ఉన్న తడి రాతికి, గార్‌స్టెనావర్ కట్టడాలకు ఒక రకంగా చుట్టమే. అయినా ఒక సందేహం ఉంది, దాచను. తుంపర పడే చోట పూత లేని కాంక్రీటు ఎలా ముదురుతుందన్నది పదేళ్లకు గానీ తెలియదు. నాచు చారలు అందంగా పడొచ్చు, మురికిగా పడొచ్చు. కిటికీల కింద నీరు జారే అంచులను దగ్గరగా ఫోటోలు తీయండి. నీటిని గోడకు దూరంగా విసిరేలా కింద గాడి పెట్టారో లేదో చూడండి. భవనం ముసలితనం ఆ వేలెడు గాడి మీద ఆధారపడి ఉంటుంది.

పోల్చి చూడటానికి స్విట్జర్లాండ్‌లో ఇంకో స్నానాల భవనం ఉంది, థీసిస్‌లో రెండూ పక్కపక్కన పెట్టమని గట్టిగా చెబుతాను. ఫెఫర్స్ పాత స్నానశాల. టామినా నది కోసిన ఇరుకు లోయలో 36.5 డిగ్రీల ఊట. 13వ శతాబ్దంలో కనుగొన్నారు, మొదట్లో రోగులను తాళ్లతో లోయలోకి దించేవారు. పారాసెల్సస్ 1535లో అక్కడ వైద్యుడిగా ఉండి ఆ నీటి గురించి రాశాడు. 1704-1718 మధ్య మఠం వాళ్లు పెద్ద బరోక్ స్నానశాల కట్టారు. 1838లో మఠం రద్దయింది, 1840లో గొట్టాలు వేసి వేడినీళ్లను సుమారు నాలుగు కిలోమీటర్లు కిందికి, రగాట్స్ ఊరికి తీసుకుపోయారు. బెర్న్‌హార్డ్ సిమోన్ అనే ఆర్కిటెక్ట్ అక్కడ 1869లో క్వెల్లెన్‌హోఫ్ అనే పెద్ద హోటల్ కట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. నీళ్లు వెళ్లిపోయిన పాత భవనం మెల్లగా వాడుక తగ్గి, 1969లో మూతపడి, పెద్ద మరమ్మతు తర్వాత మ్యూజియంలా నిలిచింది. వెళ్లి చూడాల్సిన చోటే. ఆ పొడవాటి నడవాల్లో నడుస్తుంటే ఆ కాలం కళ్లముందు కనిపిస్తుంది. కానీ అక్కడ స్నానం గురించి బోర్డుల మీద చదువుతాం. గాస్టైన్‌లో నీళ్లూ భవనమూ విడిపోలేదు. భవనం మారింది, పక్కన పెద్దది వచ్చింది, అయినా అదే కొండ నీళ్లలో అదే చోట మనుషులు మునుగుతున్నారు. నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. టవర్ దానికి కట్టిన ధర, ధర న్యాయంగానే ఉందని నా తీర్పు.

ఇప్పుడు నా అభ్యంతరం. 1489లో పేద రోగుల కోసం తలుపు తెరిచిన ఊరు ఇది. ఈ రోజు ఆ చౌకులో ఆ నీళ్లలో మునగాలంటే హోటల్ గది తీసుకోవాలి, లేదా స్పాకు డబ్బు కట్టాలి. ఫెల్సెన్‌థెర్మె టికెట్ కొని ఎవరైనా వెళ్లొచ్చు, చికిత్స కోసం వేరే కేంద్రాలున్నాయి, కాబట్టి ఊరు మొత్తం మూసేసిందని అనను. కానీ ప్రజల డబ్బుతో ఒకసారి కొని కాపాడిన భవనం కాబట్టి కింది అంతస్తులో ఊరివాళ్లకూ, దారిన పోయేవాళ్లకూ తక్కువ ధరలో ఒక చిన్న స్నానగది, కనీసం చేతులు ముంచుకునే తొట్టె ఒకటి ఒప్పందంలో రాయించి ఉండాల్సింది. కొత్త వాడకం మీద మాట్లాడేటప్పుడు అందరూ రూపం దగ్గరే ఆగిపోతారు. ఎవరు లోపలికి రాగలరు అన్నది రూపం కంటే పెద్ద ప్రశ్న. మీ థీసిస్‌కి కొత్తదనం అక్కడ దొరుకుతుంది.

అమ్మగారి భయం సంగతి. రేడాన్ నిజంగానే ఉంది. 1904లో హైన్‌రిఖ్ మాఖె ఈ నీటిలోని రేడియోధార్మికతను కొలిచాడు, ఆయన పేరు మీద ఒక కొలమానమే ఉండేది. పక్కనే బోక్‌స్టైన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బంగారం కోసం కొండలో సొరంగం తవ్వారు. బంగారం పెద్దగా పడలేదు. లోపల మాత్రం ఉక్కపోత, రేడాన్ నిండిన గాలి. పనివాళ్లు కీళ్ల నొప్పులు తగ్గాయన్నారు. ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలించాక 1952లో దాన్ని చికిత్స సొరంగంగా తెరిచారు. ఇప్పటికీ చిన్న రైల్లో లోపలికి తీసుకెళ్తారు. 37 నుంచి 41.5 డిగ్రీల వేడి ఉంటుంది, ముందు డాక్టరు పరీక్ష తప్పనిసరి. వెన్నెముక బిగుసుకుపోయే కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎక్కువగా వెళ్తారు. అదే రేడాన్‌ను ఇళ్లలో దీర్ఘకాలం పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. పొగతాగడం తర్వాత రెండో పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండూ నిజమే, తేడా మోతాదులో, సమయంలో ఉంది.

హోటల్ కొలనులో రెండు మూడు రోజులు ఈదినవాళ్లకు కంగారు అక్కర్లేదు. నీటికి గాలి తగిలిన కొద్దీ రేడాన్ ఎగిరిపోతుంది. అందుకే సరదా కొలను స్నానాన్ని రేడాన్ చికిత్సగా ఎవరూ లెక్కపెట్టరు కూడా. అలా ఎగిరిన వాయువు ఎక్కడికి పోతుందన్నది మాత్రం మా బోటి ఇంజనీర్ల తలనొప్పి. నీరు లోపలికొచ్చే గది, తొట్టెలుండే గది నేలమాళిగలో ఉంటే అక్కడ గాలి ఆడకపోతే రోజూ పనిచేసే సిబ్బంది పీలుస్తారు. రెండు రోజుల అతిథి కంటే ముప్పై ఏళ్ల ఉద్యోగి గురించి ఆలోచించి ఫ్యాన్లు పెట్టాలి. ఇలాంటి ఊళ్లో స్నానాల భవనానికి గాలి ప్రసరణ గీతలు గీసే వ్యక్తికి ఆర్కిటెక్టుతో సమానమైన బాధ్యత ఉంటుంది.

అక్కడికి వెళ్లగలిగితే ఎలా చూడాలో చెబుతాను. రైలు దిగాక నేరుగా హోటల్‌కు పోవద్దు. ముందు లోయ కిందికి దిగి, కింద నుంచి పైకి చూడండి. ఊరంతా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తుంది. టవర్ ఆ వరసలో ఎలా నిలిచిందో అక్కడే తెలుస్తుంది, చౌకులో నిలబడి చూస్తే తెలియదు. పైనుంచి చూసినట్టు గీసే ప్లాన్ మీద సమయం తగలేయొద్దు, నిలువుగా కోసినట్టు చూపించే సెక్షన్ గీయండి. కొండ, వీధి, పాత భవనం, టవర్, జలపాతం, కింది వీధి అన్నీ ఒకే కోతలో రావాలి. జలపాతం మీది వంతెన దగ్గర నిలబడి మాట్లాడి చూడండి, పక్కవాళ్ల మాట వినపడటం కష్టం. కిటికీలు ఎంత మందంగా ఉన్నాయో, పడక గదులు ఏ వైపు తిప్పారో ఆ హోరుతో కలిపి చదవండి.

పాత గోడ అడుగున, నేలకు మోకాలెత్తు దాకా, పూతను చేత్తో తడిమి చూడండి. ఇలాంటి చోట సరైన మరమ్మతుకు సున్నపు పూతే వాడాలి, మన పెద్దవాళ్లు గానుగ సున్నం అనేదానికి దగ్గరిది. సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక పైపైకి ఎక్కుతుంది, చౌడు పట్టి పెచ్చులు ఊడుతుంది. మన కోటల్లో, గుళ్లలో సిమెంటు పూసి పాడుచేసిన గోడలు మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడి గోడ ముందు నిలబడితే ఆ తేడా బాగా అర్థమవుతుంది. లోపల గదుల ఫోటోలు అందంగా ఉంటాయి, వాటితో పేజీలు నింపొద్దు. బదులుగా ఏ గోడ 1794ది, ఏది 19వ శతాబ్దపు చేర్పు, ఏది 2023ది అని ఒకే డ్రాయింగు మీద మూడు రంగుల్లో వేయండి. అనుమతి డ్రాయింగుల కోసం ఆర్కిటెక్టులకు, ఆస్ట్రియా స్మారక కట్టడాల శాఖకు మర్యాదగా ఉత్తరం రాయండి. విద్యార్థి అంటే అక్కడ చాలామంది సాయం చేస్తారు, జర్మన్‌లో రాయిస్తే జవాబు త్వరగా వస్తుంది. మీ గైడ్ గారిని ఒప్పించేది నా మాట కాదు, ఆ మూడు రంగుల డ్రాయింగే. లోపల పాతది నేననుకున్నంత మిగల్లేదని అందులో తేలితే అదే రాయండి, అప్పుడు ఆయన మాటకే బలం వస్తుంది, థీసిస్‌కి ఏ నష్టమూ లేదు.

స్పాలోకి వెళ్తే ఒక్క విషయం ముందే తెలుసుకోండి. కొలనులో ఈత దుస్తులు ఉండాలి, ఆవిరి గదుల విభాగంలోకి మాత్రం అక్కడి పద్ధతి ప్రకారం బట్టలు లేకుండా, తువ్వాలుతో వెళ్తారు, ఆడా మగా కలిసే. ఇబ్బంది అనిపిస్తే ఆ విభాగం వదిలేసి కొలను, విశ్రాంతి గదులు చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. బీపీ మందులు వాడే పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే వేడినీళ్లలో పావుగంట మించి ఉంచొద్దు, లేచేటప్పుడు మెల్లగా లేవమనండి, ముందే వాళ్ల డాక్టర్ని అడగండి.

సెక్షన్ గీయడం మొదలయ్యాక పెన్సిల్ దశలోనే ఇక్కడ పెట్టండి. ఊట నుంచి కొలను దాకా నీళ్లు ఏ దారిన వస్తున్నాయో, వాడిన నీళ్లు ఏరులోకి ఎంత వేడితో పోతున్నాయో అందులో గుర్తు పెట్టి ఉంటే మిగతా విషయాల మీద వివరంగా మాట్లాడుకోవచ్చు.